సత్తెయ్య మావయ్య పొడి పంచె

కాగుతున్న నూనెలో గుగ్గిలం కరిగే వాసన తగిలితే మీకు దేవుడి గది గుర్తొస్తుందేమో గాని, నాకు మాత్రం ఒక పెద్దమనిషి తడిసిన పంచె గుర్తొస్తుంది. ఆ పంచె తడవడానికి కారణం నేను. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. మా నాన్న బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు. నలభై నాలుగేళ్ళు గడిచాక, పోయిన శ్రావణంలో దిండి రేవులో ఆ వాసన మళ్ళీ ముక్కుకి సోకేదాకా నాకు నేను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

పాలకొల్లులో నాది రంగుల దుకాణం. గోదావరి ఎర్రగా పోటెత్తితే షికారు పడవలు ఆపేస్తారు. అప్పుడు వాటిని గట్టుకి చేర్చి, కుర్చీలూ పరుపులూ బయటపడేసి, గోకుడూ రంగులూ మొదలుపెడతారు. ఆ పనికి రంగు డబ్బాలు దింపడానికి నేనే వెళ్ళాను. అన్నీ ఫైబరు పడవలే. వాటి మధ్య ఒక చిన్న చెక్క నావ బోర్లా పడుకుని ఉంది, దాని పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద మూకుడులో ఏదో ఉడుకుతోంది.

"ఈ రోజుల్లో కూడా గుగ్గిలం కాస్తున్నారా మేస్త్రీగారూ?" అన్నాను.

"ఆయ్! మా మావగారి పద్ధతండీ ఇది. పొద్దున్నే వచ్చి వాసన చూసి మరీ వెళ్ళారు. ఆయన పేరు చెబితే పాత పడవలోళ్ళు లేచి నిలబడతారండి. సందుల సత్తెయ్యగారు."

నేను లేచి నిలబడలేదు. చేతిలోని డబ్బా కింద పెట్టి, దాని మీదే కూలబడ్డాను.

సత్తెయ్య ఎవరో చెప్పాలంటే ముందు మా కాలువ గురించి చెప్పాలి. మా ఊరు నరసాపురం వైపు వెళ్ళే కాలువ గట్టు మీద ఉండేది. ఉండేది అంటున్నాను గాని ఊరు ఇప్పటికీ ఉంది, పడవలే లేవు. ఆ రోజుల్లో మా రేవులో ఏడు పడవలు ఉండేవి. అందులో ముక్కు మీద రెండు తెల్ల కళ్ళు గీసిన నీలం రంగుది మాది. ధాన్యం, కొబ్బరికాయలు, ఇటుకలు, ఒక్కోసారి బాజాలతో సహా పెళ్ళివారు, ఏది ఎక్కినా కాదనకుండా మోసేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు లాగే మనుషులు. ఏడాదిలో పది నెలలు నాన్న ఆ పడవలోనే వండుకుని, ఆ పడవలోనే నిద్రపోయేవాడు. మిగిలిన రెండు నెలలూ మావి. ఎందుకంటే ఎండాకాలంలో కాలువలు కట్టేసేవారు.

కాలువ కట్టేయడమంటే పైన నీళ్ళు ఆపేయడం. రోజుకింత చొప్పున నీరు తగ్గి, గట్లకి అంటుకున్న నాచు ఎండి తెల్లబడి, నడుమ బురదా మడుగులూ మిగిలేవి. నీరు పూర్తిగా తగ్గకముందే రేవులోని వాళ్ళందరూ కలిసి, కొబ్బరి దుంగలు వేసి, హైలెస్సా అంటూ ఒక్కొక్క పడవనీ గట్టెక్కించేవారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అసలు పండగ. ఎందుకంటే ఏడాది పొడుగునా అమ్మ ఏ పని చెప్పినా నాన్న నోట ఒకటే మాట వచ్చేది, "కాలువ కట్టాక చూద్దాంలే." ఇల్లు కారుతోందంటే కాలువ కట్టాక, మంచం నులక వదులైందంటే కాలువ కట్టాక, చెల్లాయి చెవులు కుట్టించాలంటే కాలువ కట్టాక. అమ్మ అవన్నీ ఎక్కడా రాసుకోకుండానే జ్ఞాపకం పెట్టుకుని, నాన్న పడవ దిగి కాళ్ళు కడుక్కోకముందే వరసగా అప్పజెప్పేది.

నాన్నకి ఇల్లు బాగుచేయడం తెలియదు, పడవ బాగుచేయడమే తెలుసు. అందుకని ఇంటిని కూడా పడవలాగే బాగుచేసేవాడు. మంచం నులక బిగిస్తే లంగరు తాడు ముడులు వేసేవాడు, మళ్ళీ వదులు చేయడం ఎవరి తరమూ అయ్యేది కాదు. నీళ్ళ తొట్టి కారుతుంటే జనపనార కూరి గుగ్గిలం పూశాడు. తొట్టి కారడం మానేసింది గాని, ఆ నెలంతా మా ఇంట్లో మంచినీళ్ళు, అన్నం, చారు అన్నిటికీ గుగ్గిలం వాసనే. పడవకి పూయగా మిగిలిన నీలం రంగు తలుపులకీ కిటికీలకీ చివరికి కోళ్ళగూటికీ పూసేవాడు. గట్టు మీద పోయేవాళ్ళు ఆగి, "ఏవండోయ్, మీ ఇల్లు ఎన్నింటికి బయల్దేరుతుందండీ?" అని అడిగేవారు. "నీళ్ళు రానివ్వండి," అనేవాడు నాన్న, కప్పు మీద తాటాకు కుడుతూ, తల తిప్పకుండా.

ఆ రెండు నెలల వాసనలు వేరు. కొత్త తాటాకు పచ్చివాసన, ఉడుకుతున్న సున్నం వాసన, జాడీల్లోంచి ఘాటుగా కొట్టే కొత్త ఆవకాయ, గట్టెక్కిన పడవ అడుగున చెక్కలో ఊరిపోయిన బెల్లం, తవుడు, ఇటుక పొడి కలిసిన ఏదో పాత వాసన. పడవ తూర్పు వైపు మధ్యాహ్నం నీడ పడేది. ఆ నీడలో తెరచాప పరిచి, అమ్మా నానమ్మా చెరో చివరా కూర్చుని గోనె సూదులతో చిరుగులు కుట్టేవాళ్ళు. పడవ అవతల ఎండలో చాపల మీద మామిడి తాండ్ర ఒక పొర ఆరాక ఒక పొర పోసేవాళ్ళు. కాకుల్ని తోలే పని చెల్లాయిది. కాకుల కంటే అది తిన్నదే ఎక్కువ. పొద్దుట పూట తాటి ముంజలు, సాయంత్రం మినపరొట్టె, నడుమ ఆకలేస్తే ఎవరింట్లోకి దూరితే వాళ్ళింట్లో ఏదో ఒకటి.

గట్టెక్కించిన మూడో రోజో నాలుగో రోజో దక్షిణపు గట్టు మీద సత్తెయ్య మావయ్య కనిపించేవాడు. భుజాన గోనె సంచి, అందులో కొయ్యసుత్తి, రెండు మొండి ఉలులు. పొట్టి మనిషి, పెద్ద చెవులు. పడవ పలకల సందుల్లో నార కూరి నీరు చొరకుండా చేయడం ఆయన పని. మాకు చుట్టమేమీ కాదు. నాన్న ఆయన్ని బావా అనేవాడు గనక నాకు మావయ్య అయ్యాడు. ఇద్దరూ ఎదురుపడగానే తిట్టుకోవడంతో మొదలుపెట్టేవారు.

"ఏంటి బావా, ఇది పడవనుకున్నావా జల్లెడనుకున్నావా?"

"నువ్వు పోయినేడు కూరిందే కదా బావా. చేతులు కడుక్కుని మాట్లాడు."

"నేను కూరింది పడవకి. నువ్వు దీన్ని దున్నపోతులా తోలావు."

అంతా అయ్యాక ఆయన చెప్పులు విప్పి, పడవ చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసి, పలకకి చెవి ఆనించి సుత్తితో తట్టేవాడు. టక్ టక్ టక్. ఒక చోట ఆగేవాడు. "ఇదిగో, ఇక్కడ ఆకలేస్తందంటంది. విను అల్లుడూ." నేను కూడా చెవి ఆనించేవాణ్ణి. నాకు అన్ని చోట్లా ఒకేలా వినిపించేది గాని, తల ఊపేవాణ్ణి. పాత నార లాగేసి, కొత్త నారని తొడ మీద పేని, ఉలితో సందులోకి కూరి, పైన వేడి వేడి గుగ్గిలం నూనె పూసేవాడు. ముందు తూర్పు వైపు, తరవాత పడమటి వైపు. పదిరోజుల పని.

ఆ పని మంచిదో కాదో తేల్చడానికి మా కాలువ మీద ఒక పద్ధతి ఉండేది. కాలువ వదిలి పడవ నీళ్ళలోకి దిగిన రోజు, సందులు కూరినవాడు తెల్లగా ఉతికిన పొడి పంచె కట్టుకుని పడవ అడుగున, ఉత్త చెక్క మీద బాసీపట్లు వేసుకుని కూర్చోవాలి. రేవు నుంచి వంతెన దాకా, వంతెన నుంచి రేవు దాకా పడవ పోనిస్తారు. తిరిగొచ్చాక ఆయన లేచి, జనం వైపు వీపు పెట్టి నిలబడతాడు. పంచె పొడిగా ఉంటే పడవ యజమాని ఆయనకి తలపాగా చుట్టి, ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టాలి. తడిస్తే తలపాగా లేదు. రేవు రేవంతా ఒక మనిషి వెనకభాగం కేసి అంత శ్రద్ధగా చూడటం మరెక్కడా ఉండదేమో. సత్తెయ్య మావయ్య పంచె అప్పటిదాకా ఎన్నడూ తడవలేదు. లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, "చూసుకోండి బాబూ, బాగా చూసుకోండి," అని మెల్లగా చుట్టూ తిరిగేవాడు. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

నాకు పదేళ్ళు వచ్చిన ఎండాకాలంలో పడవ పని ముగిశాక అమ్మా నాన్నా చెల్లాయిని తీసుకుని అన్నవరం వ్రతానికి వెళ్ళారు. రానూ పోనూ, మధ్యలో అమ్మ పుట్టింట్లో ఆగడంతో కలిపి నాలుగు రోజులు. ఇంట్లో నానమ్మా నేనూ. పడవ నాకు అప్పజెప్పారు. చెక్క ఎండకి ఆరితే ముడుచుకుపోతుంది, పలకలు విచ్చుకుంటాయి, కూరిన నార వదులైపోతుంది. అందుకే కూరడం అయ్యాక కాలువ వదిలేదాకా పలకల మీద తడిగోనెలు కప్పి ఉంచాలి. మధ్యాహ్నం నుంచి ఎండంతా పడమటి వైపే. నాన్న నా భుజం మీద చెయ్యేసి, "పడమటి వైపు గోనెలు ఆరనిచ్చావంటే చూడు. రోజుకి నాలుగుసార్లు నీళ్ళు," అన్నాడు. అంత పెద్ద పని నాకు ఎవరూ చెప్పలేదు అంతకుముందు. మొదటి రోజు పొద్దున్న అయిదుసార్లు పోశాను.

ఆ మధ్యాహ్నం మా జట్టు పిల్లలు కాలువ మడుగులో కొర్రమీనులు చూశారు. చేయంత పొడుగువి, బురదలో నల్లగా మెదులుతూ. మడుగు పెద్దది. నడుమ కట్ట వేసి, ఒక వైపు నీళ్ళు తోడేస్తే తప్ప దొరకవు. కట్టకి మట్టి నిలవడం లేదు. "గోనెల్లో మట్టి నింపితే నిలుస్తుందిరా," అన్నాడొకడు. అందరూ నా వైపు చూశారు. పెద్దవాళ్ళ కాపలా లేని గోనెలున్నది మా పడవ మీదే.

పడమటి వైపు గోనెలే తీశాను. తూర్పు వైపువి తీస్తే నానమ్మ కూర్చునే చోటికి కనిపిస్తుంది. అంటే తప్పు చేస్తున్నానని తెలిసే చేశాను, దాన్ని ఇప్పుడు పిల్లతనం కింద కొట్టేయలేను. కట్ట వేశాం. పడవలో నీళ్ళు తోడే డొప్ప కూడా తెచ్చి తోడాం. రాత్రికి మళ్ళీ ఊట ఊరేది, మర్నాడు మళ్ళీ తోడేవాళ్ళం. మూడున్నర రోజులు ఒళ్ళంతా బురదతో, నవ్వులతో, అరుపులతో, అంత ఆనందం నా జన్మలో మళ్ళీ ఎరగను. ఏడు కొర్రమీనులు పట్టాం. నా వాటాకి రెండు పెద్దవి వచ్చాయి. వాటిని ఇంటికి తెచ్చి, కుండలో నీళ్ళు పోసి వదిలాను. ఆ మూడున్నర రోజులూ మా పడవ పడమటి వైపు రోహిణి కార్తె ఎండలో ఒట్టి ఒంటితో నిలబడి ఉంది.

నాలుగో రోజు సాయంత్రం గోనెల్ని విప్పి, దులిపి, నూతి నీళ్ళలో ముంచి మళ్ళీ కప్పేశాను. అన్నవరం నుంచి రాగానే, నీళ్ళు కారుతున్న గోనె మీద నాన్న అరచెయ్యి ఆనించి చూశాడు. "భేష్‌రా!" అన్నాడు. అమ్మ విస్తరాకు పొట్లం విప్పి అన్నవరం ప్రసాదం నా చేతిలో పెట్టింది. తిన్నాను.

వారం తిరక్కుండానే కాలువ వదిలారు. నీళ్ళు రావడం చూడనివాళ్ళకి ఎలా చెప్పను? ముందు నెర్రెలిచ్చిన బురద మీద పాములా ఒక సన్నటి ధార, దాని ముందు ఆకులూ పుల్లలూ నురగా తోసుకుంటూ, బుసబుసమని చప్పుడు చేస్తూ వచ్చేది. మేము దానికి పోటీగా గట్టు మీద పరిగెత్తేవాళ్ళం. మట్టి తడిసిన వాసన ఊరంతా కమ్మేది. మూడో రోజుకి కాలువ నిండింది. పడవ దింపారు. సత్తెయ్య మావయ్య మల్లెపువ్వు లాంటి పంచె కట్టుకుని, అందరికీ దండం పెట్టి, పడవ అడుగున కూర్చున్నాడు. మా ఇంట్లో అమ్మ ఆయన కోసమని నా కొర్రమీనులు పులుసు పెడుతోంది.

వంతెన చేరకముందే ఆయన ముఖం మారింది. అయినా లేవలేదు. పద్ధతి ప్రకారం తిరిగి రేవుకి వచ్చేదాకా కూర్చునే ఉన్నాడు. లేచి నిలబడి, జనం వైపు వీపు పెట్టాడు. నడుం దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా పంచె ఒంటికి అంటుకుపోయింది. ఎవరో, "నారుమడికి తడి సరిపోయింది మావా!" అన్నారు. రేవంతా నవ్వు. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎవరైనా నన్ను చూస్తారేమోనని.

నాన్న నవ్వలేదు. పడవలోకి దిగి చూసి, పైకొచ్చాడు. "పడమటి వైపే కారింది," అన్నాడు. "తూర్పుకి పోసిన నూనె పడమటికి మిగల్లేదా బావా?"

అది ఎప్పటి వేళాకోళం కాదు. నూనె పొదుపు చేశావని, అంటే పనిలో దగా చేశావని. సత్తెయ్య మావయ్య పడమటి వైపు పలకల మీదికి వంగాడు. కారిన సందు మీద వేలు పెట్టి పొడుగునా రాసుకుంటూ వెళ్ళాడు, వేలు వాసన చూసుకున్నాడు, చెవి ఆనించి తట్టాడు. ఏమీ అర్థం కానట్టు మళ్ళీ తట్టాడు. ఆ తరవాత సంచి భుజాన వేసుకుని తడి పంచెతోనే దక్షిణపు గట్టు మీద నడిచి వెళ్ళిపోయాడు. అమ్మ పులుసు పట్టుకుని గుమ్మంలో నిలబడే ఉంది.

ఆ పులుసు మేమే తిన్నాం. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. అబద్ధం ఎందుకు, బాగానే ఉంది.

రెండు రోజులు నీళ్ళలో నానేసరికి చెక్క ఉబ్బి కారడం దానంతట అదే ఆగిపోయింది. కాని నాన్న అన్న మాట అప్పటికే పడవలెక్కి కాలువ పొడుగునా వెళ్ళిపోయింది. మరుసటేడు మా రేవువాళ్ళు ఇంకెవరినో పిలిపించారు. సత్తెయ్య మావయ్య సముద్రం వైపు వెళ్ళిపోయాడని విన్నాం. నాన్న ఒకటి రెండుసార్లు, "ఎంతైనా బావ చెయ్యి రాదురా వీళ్ళకి," అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది, కుండలో కొర్రమీనులా మెదిలి అడుక్కి పోయింది. తరవాత రోడ్లు పడ్డాయి, లారీలు వచ్చాయి. పడవని విప్పి, ఆ పలకలతో పశువుల పాక వేశారు. తెల్ల కళ్ళున్న పలక చాలా కాలం గేదెల్ని చూస్తూ ఉండేది. ఇప్పుడు ఆ కాలువ నిండా గుర్రపుడెక్క. పడవ పోదామన్నా కొత్త వంతెనల కింద తల దూరదు.

దిండి రేవులో మేస్త్రీ ఇల్లు గుర్తులు చెప్పాడు. "భోజనాల వేళకి రండి, నేనూ ఉంటాను," అన్నాడు. ఆదివారం నాడు ఒక కొత్త పంచె, ఆత్రేయపురం పూతరేకులు తీసుకుని బండి మీద వెళ్ళాను. ఈ వయసుకి పళ్ళుండవు, పూతరేకులైతే బాగుంటుందని. సత్తెయ్య మావయ్య అరుగు మీద కూర్చుని, పగిలిన ప్లాస్టిక్ బకెట్‌కి ఏదో కూరుతున్నాడు. మనిషి ఇంకా పొట్టి అయ్యాడు, చెవులు ఇంకా పెద్దవయ్యాయి. నేను బండి ఆపగానే తల ఎత్తకుండా అన్నాడు:

"చైను లూజుగా ఉంది, బిగించుకోండి. ఎవరండీ?"

చెప్పాను. బకెట్ దించేశాడు.

"ఓర్నీ! బావ కొడుకువా? మడుగుల్లో దొర్లే అల్లుడివేనా? రా రా. బావ పోయాడని విన్నాన్రా. తిట్టేవోడు లేక నా ఒళ్ళు తుప్పు పట్టిపోయింది."

నాన్న గురించి కాసేపు మాట్లాడుకున్నాం. మేస్త్రీ మజ్జిగ తెచ్చిచ్చాడు. గొంతు తగ్గించి, ఆయన పక్కకి జరిగి, గోనెల సంగతంతా చెప్పాను. మూడున్నర రోజులు, మడుగు, ఏడు కొర్రమీనులు, చివర్న తడిపి కప్పిన గోనెలు, అన్నీ. పంచె ఆయన ఒడిలో పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. బకెట్ పగులు మీద వేలు పెట్టి పొడుగునా రాశాడు.

"పడమటి ఎండ," అన్నాడు. "అంతేనా! నూనె మాడిందేమో అనుకున్నాను. నారలో తేడా ఉందేమో అనుకున్నాను. అప్పట్నుంచి ఏ పడవైనా సరే పడమటి వైపు రెండేసిసార్లు కూరాను అల్లుడూ. కూలి ఒకసారికే. ఎందుకు కారిందో తెలీక." "చేపలు పెద్దవేనా?" అన్నాడు.

"పెద్దవే మావయ్యా. తప్పయిపోయింది," అన్నాను మెల్లగా.

"ఏంటీ? వినపడలా."

"తప్పయిపోయింది మావయ్యా."

"ఊహూఁ. వినపడలా."

మేస్త్రీ పక్కున నవ్వాడు. "ఆయనకి నాలుగిళ్ళ అవతల కుళాయి కారినా వినపడుద్దండి!"

సత్తెయ్య మావయ్య నవ్వలేదు. "నా పంచె తడిసింది రేవులో అందరి ముందూ," అన్నాడు. "నువ్వు మాత్రం వచ్చి చెవిలో చెబుతావేంటి?"

లేచాను. యాభై నాలుగేళ్ళ వాణ్ణి, చెప్పులు అరుగు కింద విడిచి వీధి మధ్యలోకి నడిచాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు ఆపి చూశారు. కిళ్ళీ కొట్టు దగ్గర మగాళ్ళు మాటలు ఆపారు. రేవు నుంచి భోజనాలకి వస్తున్న పడవల పనివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. వెనక అరుగు మీద ఆయన కొత్త పంచె మడత విప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆ చిన్నప్పటి రేవులో అరవాల్సినంత గట్టిగా అరిచాను:

"సత్తెయ్యగారి పనిలో ఏ లోపమూ లేదండీ! గోనెలు తీసింది నేను! పంచె తడిపింది నేను! మావయ్యా, తప్పు నాది, నన్ను క్షమించు!"